ఖాళీగా ఉంచిన కుర్చీ

ప్లీడరు గారు పోయారని మొన్న కిరాణా కొట్టుకి ఫోనొచ్చింది. నేను చేలో ఉన్నాను. కబురు తెచ్చినవాడు గట్టు మీద నిలబడే చెప్పాడు. విన్నాను. బోదె కాలవలో నీళ్ళు మెల్లగా పారుతున్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయాను.

ఆయనదీ మా ఊరే, దివిసీమలో. మా ఊరి బళ్ళో నాకంటే పై తరగతి. నా చదువు అక్కడే ఆగింది. ఆయన బందరు కోర్టులో పేరున్న ప్లీడరయ్యారు. అయినా నన్ను బావా అనే పిలిచేవారు.

"అందరూ వడ్లు దాచుకుంటారు. నువ్వు మాటలు దాచుకుంటావేంటి బావా?" అని నవ్వేవారు.

ప్రాక్టీసు మానేశాక ఆయన ఒక పని నెత్తినేసుకున్నారు. ప్లీడర్ల మీద కక్షిదారులు చెప్పుకునే ఫిర్యాదులు వినడానికి ముగ్గురు పెద్ద ప్లీడర్లు ఆదివారాలు కోర్టు పక్క గదిలో కూర్చునేవాళ్ళు. జీతం లేదు, బత్తెం లేదు. వాళ్ళలో ఒకరైన ఈయన చర్చి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళేవారు. "మన దగ్గరికొచ్చేవాడు భయంతో వస్తాడు బావా. ఆ భయాన్ని అమ్ముకోకూడదు," అనేవారు.

పై చేను రైతు నా బోదె పూడ్చినప్పుడు నేను కోర్టుకెక్కాను. ఆ నీళ్ళు పోతే నా చేను బీడే. ప్లీడరు గారు మానేశారు కాబట్టి ప్లీడరీ చేస్తున్న ఆయన అల్లుడికే కేసు అప్పజెప్పాను. ఒక మధ్యాహ్నం చెప్పకుండా అల్లుడు గారి ఆఫీసుకి వెళ్ళాను. లోపలి గదిలో పై చేను రైతు కూర్చుని ఉన్నాడు. నా దస్తావేజు అతని ముందు తెరిచి ఉంది.

తిన్నగా ప్లీడరు గారింటికి నడిచాను. సముద్రపు గాలి వీస్తోంది. వీధి వీధంతా నిద్రలో ఉన్నట్టుంది. నేను చూసింది కూడా కలేనేమో అనిపించింది.

సగం చెప్పేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇక నాకు చెప్పకు బావా. మిగతా ఇద్దరికీ చెప్పు. ఆ రోజు నేను కూర్చోను."

"మీరు లేకపోతే నాకు మాట రాదండీ."

"మావ కూర్చుని అల్లుడి తగువు తీరిస్తే నువ్వు గెలిచినా, వాడు గెలిచినా ఎవరూ నమ్మరు. మాట రాకపోతే ఆగు. వినడానికేగా వాళ్ళు కూర్చునేది!"

తెచ్చిన వంకాయలు కూడా ఇంట్లో పెట్టనివ్వలేదు. "ఇది తేలేదాకా మీ చేలో వంకాయ నాకు పడదు," అన్నారు.

ఆదివారం ఆ గదిలో మూడు కుర్చీలున్నాయి. మధ్యది ఖాళీ. ఎవరూ తియ్యలేదు. కిటికీలోంచి ఎండ దాని మీద పడుతోంది. ఆ వెలుగులో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. చూసింది రెండు ముక్కల్లో చెప్పి ఆగాను.

"పాపం, ఈయన పొరబడ్డారండీ. ఆ కాయితాలు వేరేవాళ్ళవి," అన్నాడు అల్లుడు.

నేను ఆ కుర్చీకేసి చూశాను. ఆయన వింటున్నట్టే అనిపించింది.

"నా దస్తావేజు మీద మా ఇంటిదాని పసుపు చేతి మరకుంది బాబూ. ఆ రోజు పై చేను ఆయన వేలు దాని పక్కనే ఉంది," అన్నాను.

అంతే. అల్లుడు తల దించుకున్నాడు. మర్నాడే నా కాయితాలన్నీ ఇచ్చేసి, వేరే ప్లీడరు దగ్గరికి వెళ్ళడానికి అభ్యంతరం లేదని సంతకం పెట్టాడు. కొన్నాళ్ళకి బోదె తెరుచుకుంది.

ఆ క్రిస్మస్‌కి ఆయన కూతురు పుట్టింటికి రాలేదు. పై ఏడూ రాలేదు. నేను వెళ్తే వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"నా మూలంగానే కదండీ," అన్నాను.

"నీ మూలంగా ఎందుకు? కుర్చీలోంచి లేచింది నేను." నా సంచీకేసి చూసి, "వంకాయలు తెచ్చావా?" అని అడిగారు.

కూతురు తర్వాత ఎప్పుడో రావడం మొదలుపెట్టింది. అల్లుడు గుమ్మం బయట దించి వెళ్ళిపోయేవాడట. ఆ సంగతి ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన పోయిన కబురందిన మర్నాడు బందరు వెళ్ళాను. సమాధి దగ్గర జనం వెనకాల, ఓ మూల నిలబడ్డాను. పాట అయిపోయింది. అల్లుడు అటూ ఇటూ చూసి, నన్ను చూసి, నల్లకోటుతోనే జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు.

"ముందు మీరు వెయ్యండి మావయ్య గారూ," అన్నాడు.

గుప్పెడు మట్టి తీసుకున్నాను. ఇసక మట్టి. గాలికి సగం ఎగిరి అతని కోటు మీద పడింది. అతను దులుపుకోలేదు.