ఐసు పెట్టె

గులాబి మెండన్ మందు అమ్ముకుంటోందని తెంకపాడి ప్రభుత్వాసుపత్రి వరండాలో, నలభైమంది వినేట్టు అన్నది నర్సు వినోద.

"చక్కెర నాలుగొందల ముప్ఫై ఉంది. నెలనెలా మూడు సీసాల ఇన్సులిన్ పట్టుకెళ్తున్నావు. రోజూ పొడుచుకునేదానివైతే ఇంతెందుకుంటుంది? ఎవరికి అమ్ముతున్నావమ్మా?"

గులాబి చీర కాస్త పక్కకు జరిపి, పొట్టమీది సూదిమచ్చలు చూపించబోయింది. వినోద చూడలేదు. చీటీ మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసింది. ఆ గీతతో ఉచితంగా వచ్చే మందు ఆగిపోయింది.

గులాబికి అప్పటికి యాభై రెండేళ్లు. పద్నాలుగో ఏట తల్లి పక్కన రేవులో కూర్చుని చేపలమ్మడం మొదలుపెట్టిన మనిషి. కుళ్లిన చేపను తాజాదని ఒక్కనాడూ అమ్మలేదు. అలాంటిదాన్ని దొంగ అన్నారు. పేదవాడికి జబ్బు చేస్తే మందు సంపాదించుకోవడం ఒక ఎత్తు, తాను అబద్ధమాడటం లేదని నమ్మించడం ఇంకో ఎత్తు.

ఆ రోజునుంచి మందుల దుకాణంలో కొనుక్కుంది. కొన్నా చక్కెర దిగలేదు. ఉడుపిలో డాక్టరు మోతాదు పెంచాడు. మూడు సీసాలు ఐదయ్యాయి. ముందు చెవుల బంగారు బుగుడీలు పోయాయి, ఆ రంధ్రాలు పూడిపోకుండా చీపురుపుల్లలు గుచ్చుకుంది. తర్వాత పొద్దుటి టీ పోయింది. చివరికి వేలంలో సొంతంగా ఒక బుట్ట పాడుకునే శక్తి పోయింది. అదే సమయంలో కుడికాలి బొటనవేలికి చేపముల్లు గుచ్చుకుంది. మొద్దుబారిన కాలు కదా, రెండు రోజులదాకా ఆమెకే తెలియలేదు. పుండు మానలేదు.

"వేలు తీసెయ్యాలి," అన్నాడు ఉడుపి డాక్టరు. "చక్కెర ఇలాగే ఉంటే తర్వాత పాదం."

పాదం పోతే తడి రేవులో బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచేదెవరు? ఆ సాయంత్రం గులాబి సీసా చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అన్నీ చెప్పినట్టే చేస్తోంది. మరి ఎందుకు పనిచెయ్యదు?

మర్నాడు బుట్ట లేకుండా రేవుకు వెళ్లింది. ఊరికే కూర్చోవడానికి. పడవ దిగిన చేపలు పంచుకుంటుండగా, పక్కన కూర్చుని అమ్మే కల్యాణి తన బుట్టలోంచి ఒక కానాగంత తీసి గులాబి ముందు పడేసింది. ఆ పక్కావిడ ఇంకోటి వేసింది. పదహారుమంది, పదహారు చేపలు.

"ఏంటే ఇది?" అంది గులాబి.

"ఒంట్లో అంత చక్కెర పెట్టుకుని నోట్లో ఒక్క తీపి మాట లేదు చూడు," అంది కల్యాణి. "నీమీద ప్రేమా గీమా ఏం కాదు. నువ్వు మంచాన పడితే నీ చోట్లో మా ఆడపడుచు వచ్చి కూర్చుంటానంటోంది. దాని నోటికి ఎవత్తి ఆగుతుంది? అమ్ముకో, మందు కొనుక్కో."

ఆ చేపలు తొమ్మిది నెలలపాటు రోజూ పడ్డాయి. వానాకాలం పడవలు కదలని రెండు నెలలూ ఎండుచేపలు పడ్డాయి. ఒక్కరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక ఆదివారం నర్సు వినోద చేపలకు వచ్చింది. గులాబిని చూసి పక్కకు తప్పుకోబోయింది గానీ, మంచి కానాగంతలు ఆమె దగ్గరే ఉన్నాయి.

"అడుగున ఇంకా గట్టివి ఉన్నాయి, ఉండండి సిస్టరమ్మా," అని గులాబి పెట్టెలో మంచుపొడి తవ్వింది. కల్లుప్పు చల్లి బిగించిన మంచు. చేపలతో పాటు ఒక ప్లాస్టిక్ డబ్బా పైకొచ్చింది. అందులో రెండు సీసాలు.

వినోద ఒక సీసా అందుకుని తలకిందులు చేసింది. లోపలి మందు కదల్లేదు. గడ్డకట్టి ఉంది. ఇంకోదాన్లో విరిగిన పాలలా తెల్లటి ముక్కలు గాజుకు అంటుకుని ఉన్నాయి.

"దీన్ని ఇందులో ఎందుకు పెట్టావు?"

"మీరే కదా చెప్పారు, ఐసు పెట్టెలో పెట్టమని. ఇంటి దగ్గర ఒక పెట్టె, ఇక్కడ ఒక పెట్టె. ఒక్క పూట కూడా బయట ఉంచలేదు. ఉప్పు కూడా ఎక్కువే వేస్తాను, చల్లదనం పోకుండా. పొడుచుకునే ముందు అరచేతిలో పెట్టుకుని కరిగించుకుంటాను."

వినోద పడమటి కనుమల అవతలినుంచి వచ్చిన మనిషి. వాళ్ల ఊళ్లో ఐసు పెట్టె అంటే ఫ్రిజ్. రేవులో ఐసు పెట్టె అంటే చేపల పెట్టె ఒకటే. ఉప్పు మంచులో చేప నిలుస్తుంది. ఇన్సులిన్ గడ్డకడితే చస్తుంది. ఏడాదిగా గులాబి చచ్చిన మందు పొడుచుకుంటోంది.

వినోద ఆ తడినేల మీదే కూర్చుండిపోయింది. "నేను నిన్ను దొంగవన్నాను," అంది.

"అన్నారు," అంది గులాబి. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి."

మర్నాడు వినోద రెండు మట్టికుండలు మోసుకొచ్చింది. పెద్దదాంట్లో చిన్నది పెట్టి, మధ్య ఇసుక పోసి, మందు చిన్నదాంట్లో ఉంచి, పూటపూటా ఇసుక తడపమంది. ఉచిత మందు మళ్లీ మొదలైంది. నెల తిరిగేసరికి చక్కెర నూట అరవైకి దిగింది, మోతాదు తగ్గింది. వేలు పోయింది, పాదం నిలిచింది. ఆసుపత్రి కాగితాల్లో మాత్రం ఎర్ర గీత అలాగే ఉంది. తప్పు మాదని రాసే గడి ఆ కాగితాల్లో లేదు.

గులాబి దాన్ని పట్టించుకోలేదు. బుట్ట పాడుకోగలిగిన మొదటిరోజే పదహారు బుట్టల్లో పదహారు చేపలు వేసి వచ్చింది. కల్యాణి మాత్రం తనది తీసి చూసి, "నేనిచ్చింది ఇంతకంటే పెద్దది," అంది.

రెండేళ్లకు వినోదకు బదిలీ అయింది. బస్సు దగ్గరకు గులాబి కుంటుతూ వచ్చి, కిటికీలోంచి ఒక పొట్లం అందించింది. వినోద పొట్లం ముడి విప్పబోయింది.

"ఎండుచేపలు సిస్టరమ్మా," అంది గులాబి. "వీటికి మీ ఐసు పెట్టె వద్దు, మా ఐసు పెట్టె వద్దు. ఊరికే గాలికి పెట్టుకోండి."