నాయనమ్మ ఎదురొచ్చిన పరీక్ష

ప్రసన్న ఇక లేదు.

నిన్న పొద్దున వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి "అక్క చనిపోయిందక్కా" అన్నాడు. "ప్లేట్‌లెట్స్ పెరిగినయ్యన్నారు కదరా" అని వాడితో వాదించాను. వాడు ఏడుస్తున్నా వాదిస్తూనే ఉన్నాను.

డెంగీ అట. ఒక దోమ కుడితే మనిషి పోవడం ఏంటి? నాకింకా బుర్రకెక్కడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ప్రసన్న నాతో నరసరావుపేటలో డిగ్రీ చదివింది. నకరికల్లులో వాళ్ల నాన్నకి కిరాణా కొట్టు. చదువయ్యాక మధ్యాహ్నాలు కొట్లో కూర్చునేది తనే. అక్కడే కందిపప్పు బస్తాకి ఫోన్ ఆనించి ఆన్‌లైన్ కోర్సు చదివింది. పెద్ద యూనివర్సిటీ వాళ్లు అందరికీ ఫ్రీగా చెప్పే డేటా అనాలిసిస్ కోర్సు.

మొదటి రోజు ఎంత సంబరపడిందో!

"ఒసేయ్ షాహీనా, మనల్ని ఆ కాలేజీ గేటు కూడా దాటనియ్యరు. అట్టాంటిది ఆ ప్రొఫెసరే మా కొట్లోకొచ్చి పాఠం చెప్తన్నాడే!"

దాని మాట విని మా బ్యాచ్ అమ్మాయిలందరం చేరాం. ఒకదానికి పెళ్లి కుదిరింది. ఒకదానికి ఇంగ్లిష్ కొరుకుడు పడలేదు. నేను రెండో వారానికే చాప చుట్టేశాను. చివరికి మిగిలింది ప్రసన్న ఒక్కతే.

ఆ ప్రొఫెసర్ ఇంగ్లిష్ అందక వీడియో సగం స్పీడ్‌లో పెట్టుకునేది. అలా పెడితే ఆయన గొంతు సాగిపోయి, కొట్టుకొచ్చినవాళ్లు "ఎవరమ్మా ఆ తాగుబోతు?" అని అడిగేవాళ్లు. ఇది పడీ పడీ నవ్వేది.

డౌట్ వస్తే మాత్రం నవ్వు ఉండేది కాదు. ఫోరంలో ప్రశ్న పెట్టి ఎదురుచూసేది. ప్రపంచమంతా చేరిన క్లాసు, ఒక్కరూ పలికేవారు కాదు. చేసేది లేక అదే వీడియో మళ్లీ మళ్లీ చూసి తనే అర్థం చేసుకునేది.

సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఇస్తామని గుంటూరులో ఒక ఆఫీసువాళ్లు మాటిచ్చారు. దాని కోసం ఇంట్లోవాళ్లు పెళ్లి సంబంధాలు కూడా పక్కన పెట్టారు. దానికున్న ఆశంతా ఆ ఒక్క పరీక్ష మీదే.

పరీక్ష ఇంట్లోనే, కెమెరా ముందు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు.

మంచి పనికి బయలుదేరితే ముత్తయిదువని ఎదురు రమ్మంటారు కదా. వాళ్ల నాయనమ్మకి భర్త లేడు. ఆయన పోయినప్పటి నుంచి, ఇంట్లో ఎవరు బయలుదేరినా ఆవిడ పెరట్లోకి తప్పుకునేది. ప్రసన్నకి అది చూస్తే ఒళ్లు మండేది.

"నాయనమ్మా, నువ్వే ఎదురు రావాల. నువ్వొస్తేనే రాస్తా" అని పట్టుబట్టింది.

ఆ రోజు నేను అక్కడే, వసారాలో ఉన్నాను. నాయనమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, వద్దామా మానుదామా అని తటపటాయిస్తూ ఆలస్యం చేసింది. టైమైందని ప్రసన్న తలుపు దగ్గరగా వేసి పరీక్ష మొదలుపెట్టింది. ఆ సంగతి నాయనమ్మకి తెలియదు. పెరటి గుమ్మంలోంచి నీళ్ల చెంబుతో ఎదురొచ్చి, మనవరాలి తల నిమిరి, మెటికలు విరిచింది.

కెమెరాలో రెండు మొహాలు. స్క్రీన్ ఆగిపోయింది. పరీక్ష రద్దు.

ఎన్ని మెయిల్స్ పెట్టిందో! ప్రతిదానికీ మెషీన్ పంపే అదే జవాబు. ఆఫీసుంటే వెళ్లి కాళ్లు పట్టుకునేవాళ్లం. అక్కడ మనిషంటూ ఉంటే కదా! మా నాయనమ్మ దీవించడానికి వచ్చింది సార్ అని ఏ మెషీన్‌కి చెప్పుకోవాలి?

మొదటి నుంచీ మళ్లీ చదవాల్సిందేనన్నారు. చదివింది. ఆ పిచ్చిది అవే పాఠాలు మళ్లీ చదివింది. నాయనమ్మని ఒక్క మాట అనలేదు. "ఈసారీ నువ్వే రావాల, కాకపోతే కాస్త ముందు రా" అంది.

వచ్చే ఆదివారం ఆ పరీక్ష. ఇంతలో జ్వరం.

సెలైన్ ఎక్కుతుండగా నాకు పెట్టిన ఆఖరి మెసేజ్ ఇది. "చివరి వీడియో డౌన్‌లోడ్ చేసి తేవే. ఇక్కడ నెట్ రావట్లా." డౌన్‌లోడ్ చేశాను. నా ఫోన్‌లో అలాగే ఉంది. ఇప్పుడు దాన్ని నేనేం చేసుకోను?

నిన్న వాళ్లింటికి వెళ్లాను. వసారాలో చుట్టాల్లో ఒకావిడ, అందరికీ వినపడేలా, "ఆమె ఎదురొచ్చిన్నాడే అనుకున్నా, ఇట్టాంటిదేదో అయిద్దని" అంది.

నాయనమ్మ విన్నది.

నేను పెరట్లోకి వెళ్లేసరికి గోడకానుకుని కూర్చుని ఉంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "షాహీనా, నా వల్లే గదమ్మా?" కాదు నాయనమ్మా, దోమ వల్ల. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

ప్రసన్నని తీసుకెళ్లే టైమైంది. "రా నాయనమ్మా, చివరిసారి చూద్దువుగాని" అని లేపబోయాను.

"వద్దులేమ్మా. బిడ్డ బయలుదేరతంది. నేను ఎదురు రాకూడదు."

రాలేదు. కళ్లముందు పెరిగిన పిల్ల వాకిట్లోంచి వెళ్లిపోతుంటే, ఆవిడ పెరట్లో గోడవైపు తిరిగి కూర్చుంది.

కర్మకి వెళ్లేవాళ్లందరికీ దండం పెట్టి అడుగుతున్నా. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తకండి. ఎవరైనా ఎత్తితే అక్కడే నోరు మూయించండి. నాకైతే ఓపిక లేదు, తిట్టేస్తాను.

ప్రసన్నా, నాకు నీ మీద కోపంగా ఉందే. ఎవరి మీద చూపించాలో తెలియక నీ మీదే చూపిస్తున్నా.

మా అల్లా, మీ దేవుడు, ఎవరి దగ్గరికి చేరినా నిన్ను చల్లగా చూసుకోవాలి. ఉంటానే.