మణుగూరు ఎండల్ల హైడ్రాంజియా

మణుగూరు ఎండల్ల చలిదేశపు పూలమొక్కలు పెంచాలనే బుద్ధి మీకెప్పుడన్న పుట్టిందా? నాకు పుట్టింది. ఆ ఒక్క బుద్ధితోటి మా కొత్త ఇంటి గోడ పాడైంది, మా ఆయన నిద్ర పాడైంది, బడిల నా ఇజ్జత్ పాడైంది. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుండ్రి. ముందు ముందు నా మీద జాలిపడే పని ఉంటది.

అప్పుడే ఇల్లు కట్టుకున్నం. ముందు గోడ కింద, పునాది పొడుగున రెండడుగుల మట్టి జాగ మిగిలింది. మా అత్తమ్మ మార్తమ్మ చూసి, "గోంగూర ఎయ్యి బిడ్డా, ఇంటికి పనికొస్తది" అన్నది. నేనేమో బాటనీ చదివిన టీచర్నాయె. గేటు తీయంగనే గోంగూర కనవడితే నా చదువు ఏంగావాలె?

గా టైంలనే ఫోన్ల ఒక వీడియో కండ్లవడ్డది. ఎక్కడిదో మంచు కురిసే ఊరు. ఒక తెల్లామె ఇంటి పునాది చుట్టూ గుబురు మొక్కలు నాటి, నడుం మీద చెయ్యి పెట్టుకొని చెప్తున్నది, వీటికి చాకిరీ లేదు, నాటి మర్చిపోవచ్చు అని. పనిచేసి మర్చిపోవుడంటే నాకు మస్తు ఇష్టం. ఆమె మొదట్లనే "చలి ఊర్లకు మాత్రమే" అన్నదట. నేను చూసుడే సగం నుంచి మొదలువెట్టిన.

వాటి పేరు హైడ్రాంజియా అట. ఆన్‌లైన్ల అవే ఆరు మొక్కలు తెప్పించి ఫిబ్రవరిల నాటిన. "ఈస్టర్‌కు నీలం పూలతోటి ఇల్లు నిండిపోతది" అని చర్చిల గూడ చెప్పుకున్న. మార్చి రాంగనే ఆరూ తలకాయలు వేలేసినయి, పరీక్ష తప్పిన పిల్లల లెక్క.

మా ఆయన ప్రభాకర్ బొగ్గు గనిల డంపర్ నడుపుతడు. డ్యూటీ దిగి వచ్చి, నేను మూడోసారి నీళ్లు పోస్తుంటె అడిగిండు. "చాకిరీ లేదన్నవ్ గద?"

"అలవాటు అయ్యేదాంక జర చూసుకోవాలె."

"ఎవరికి అలవాటు? దానికా, నీకా?"

అలవాటు చేసేటందుకు ముందు ఆకుపచ్చ నెట్ కట్టిన. తర్వాత మట్టి మీద కొబ్బరి పీచు పరిచిన. ఏప్రిల్ల ఫ్రిజ్జుల ఉన్న ఐసంతా తెచ్చి మొదళ్లల్ల పోసిన. మా అత్తమ్మ మజ్జిగల ఐసు ఏసుకుందామని ఫ్రిజ్జు తెరిచి, ఖాళీ ట్రే పట్టుకొని నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ మరువలే.

మే నెలల ఒక మధ్యాహ్నం. నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్న మనిషి, చెమటల తడిసి లేచి వచ్చిండు.

"సునీతా, కూలర్ ఏది?"

"బయట ఉన్నది."

"బయట ఎవరు పండుకున్నరు?"

"ఎవరు లేరండి. హైడ్రాంజియా."

ఆయన తువ్వాల తడిపి నెత్తికి కట్టుకొని మళ్ల పోయి పండుకున్నడు. తిట్టినా బాగుండు!

గింత చేసినా ఐదు మొక్కలు మాడి మసైనయి. రోజుకు మూడుసార్లు పునాదిల పోసిన నీళ్లు మాత్రం ఏడికీ పోలే, గోడలకే ఎక్కినయి. హాల్ల కొత్త పెయింట్ అప్పడాల లెక్క ఉబ్బి రాలవట్టింది. మా అత్తమ్మ పొద్దుగాల లేచి, ఆ పొట్టంతా ఊడ్చి, చాటల పెట్టి నాకు చూపిచ్చి పారబోసేది.

నేను సిగ్గుతోటి చచ్చిపోయే టైముకు ఆరో మొక్క మొదట్ల పచ్చటి చిగురు లేచింది. ఆకు అంచుకు రంపం పండ్లు, అచ్చం వీడియోల ఉన్నట్టే! ముట్టుకుంటే గరుకు, నలిపితే ఘాటు వాసన. ఫారిన్ మొక్క గద, సెంటు లెక్కనే ఉంటదనుకున్న. దానికి డబుల్ ఐసు పోసిన. వానలు వడంగనే నడుం ఎత్తు లేచింది. వానలు తగ్గేసరికి పూసింది. నీలం కాదు, గులాబీ పసుపు కలిసిన బుల్లి పూల గుత్తులు. హైడ్రాంజియా రంగు మట్టిని బట్టి మారుతదని ఏడనో చదివిన. మన మట్టికి గీ రంగు వచ్చిందని నాకు నేనే తేల్చుకున్న.

ఇగ స్టాఫ్‌రూంల నా ఉపన్యాసాలు ఆగలే. హెడ్‌మేడం గారికి గూడ ఆశ పుట్టింది. "సునీతా, మన కొత్త బిల్డింగ్ ముందర ఇవే పెడదాం. కొమ్మలు నువ్వే ఇయ్యాలె."

శనివారం బడి అయినంక స్టాఫంతా మా ఇంటికి వచ్చిండ్రు. మా బడిల మధ్యాహ్నం వంట చేసే ముత్తమ్మ గూడ వచ్చింది. ఆమెది అడవి అంచున చిన్న ఊరు. నేను చాయ్ పోసి, మొక్క ముందర నిలవడి, చలిదేశాల గురించి, నేను పోసిన ఐసు గురించి పది నిమిషాలు చెప్పిన. మేడం కత్తెరతోటి నాలుగు కొమ్మలు కత్తిరించి, తడి పేపర్ల పసిపిల్ల లెక్క చుట్టుకున్నరు.

ముత్తమ్మ ఒక ఆకు తుంపి వాసన చూసింది. "టీచరమ్మా, దీన్ని ఏడికెళ్లి తెచ్చినవ్?"

"ఆన్‌లైన్ల, ముత్తమ్మా. చానా దూరంకెళ్లి వచ్చింది."

"ఇది పులికంప గదనే! మా ఊరి గుట్టంతా ఇదే. మేకలు గూడ మూతి పెట్టవు. దీన్ని కొట్టేటందుకే ఫారెస్టోళ్లు మమ్మల్ని ఏటేటా కూలికి పిలుస్తరు." నిజంగనే బాధపడుతూ అడిగింది. "నువ్వు దీనికి ఐసు పోసినవా, తల్లీ?"

నవ్వుడు ముందు మా అత్తమ్మ మొదలువెట్టింది. అరుగు మీద కూసొని, కొంగు నోట్లె కుక్కుకొని, కండ్లల్ల నీళ్లు వచ్చేదాంక నవ్వింది. తర్వాత ఎవరినీ ఆపలేకపోయిన. మేడం మాత్రం ఆ పేపరు పొట్లాన్ని మెల్లగ గోడ మీద పెట్టి, చేతులు కడుక్కునే జాగ ఏడున్నదని అడిగిండ్రు.

ఆరో హైడ్రాంజియా గూడ ఎండలకే పోయిందన్నట్టు. దాని జాగల ఈ పులికంప ఏ పిట్టతోటి వచ్చిందో, ఏ గాలితోటి వచ్చిందో, ఇప్పటికి ఐదుసార్లు పీకిన. ఐదుసార్లు మొలిచింది. చాకిరీ లేని మొక్కంటే నిజంగ ఇదే.

అందుకే మీ అందరి ముందర, చెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్న. ఈ జన్మల మా ఇంటి హద్దుల్ల ఏది మొలిచినా, ముందు ముత్తమ్మ వచ్చి పేరు చెప్పాలె. ఆమె పేరు చెప్పేదాంక నేను దానికి నీళ్లు పొయ్య, ఫొటో తియ్య, చుట్టాలకు చూపియ్య. ఆమె సెలవుల ఉంటే, ఆమె వచ్చేదాంక ఆ మొక్క పేరు లేకుండనే ఉంటది.