పెద్దావిడ ఇచ్చిన కొలతలు

పుట్టిన మూడో రోజుకల్లా జాకేయుస్‌కు ఒక పెళ్ళాం ఉంది. ఆవిడ వయసు అప్పటికి ముప్ఫై ఆరు.

ఆవిడ పేరు సబీనె. ఆవిడ మొగుడు, పెద్ద జాకేయుస్, మనీత్సోక్‌లో పేరుమోసిన వేటగాడు; కయాక్ అనే ఒంటిమనిషి తోలుపడవలో సీల్ జంతువులను వేటాడేవాడు. ఆయన పోయిన మూడు వారాలకు పక్కింట్లో మగపిల్లాడు పుడితే ఆ పేరే పెట్టారు. మా గ్రీన్‌లాండ్‌లో పేరు ఒంటరిగా రాదు; చుట్టరికాలన్నిటినీ వెంటబెట్టుకుని మరీ వస్తుంది. సబీనె ఉయ్యాలలోకి తొంగిచూసి, "వచ్చావా? ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగావు?" అని పిల్లాణ్ణి కసిరిందట. అప్పట్నుంచీ ఏటా అతనికి మేజోళ్ళు అల్లి ఇస్తూనే ఉంది. అతను పెరిగి బిబియానెను పెళ్ళాడిన రోజున, పెళ్ళికూతుర్ని పక్కకు పిలిచి, "చెల్లీ, వీడు గురక పెడతాడు. ముందే చెబుతున్నా, తర్వాత నన్ననకు" అంది.

చిక్కల్లా ఒక్కటే. పెద్ద జాకేయుస్ పొట్టిగా, పీలగా ఉండేవాడు. బైబిల్లో చెట్టెక్కి యేసును చూసిన జక్కయ్యదీ ఇదే పేరు, ఆయనా పొట్టివాడే. మన జాకేయుస్ మాత్రం ఏ గుంపులో నిలబడ్డా అందరికన్నా తలంత ఎత్తు. ఎక్కుదామన్నా మా ఊళ్ళో చెట్లూ లేవనుకోండి. చేపల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చుని కూర్చుని, వెడల్పు కూడా ఎత్తుకు తగ్గట్టే పెరిగింది.

సబీనెకు డెబ్భై తొమ్మిది నిండిన రోజున ఊరంతా వంతులవారీగా వచ్చి కాఫీ తాగి, కేకులు తిని పోతోంది. ఆవిడ ఎప్పటిలాగే మొగుడి గొప్పలు మొదలుపెట్టింది.

"నా పుట్టినరోజుకు ఆయన కయాక్‌లో వచ్చేవాడు. పొయ్యిమీద కాఫీ పొంగేలోపు ఒక సీల్‌ను కూడా పట్టుకొచ్చేవాడు. ఓసారి సొరచేప ఒకటి ఆయనతో పందెం వేసుకుని ఓడిపోయి, ఆ సిగ్గుతో సముద్రం అడుక్కి పోయింది. ఇప్పటికీ పైకి రాలేదు." అని జాకేయుస్ వైపు తిరిగింది. "ఇప్పుడు చూడండి. నడిచి వస్తున్నాడు. అదీ ఆలస్యంగా."

మూడో కేకు ముక్క నోట్లో ఉండగానే జాకేయుస్, "వచ్చే ఏడు కయాక్‌లోనే వస్తాను. నా చేత్తో కట్టిన కయాక్‌లో" అన్నాడు.

ఆ చేత్తో అతను అప్పటిదాకా ఒక పీట కూడా చేసి ఎరగడు.

నవ్వుతూనే అన్నాడు గానీ, ఇంటికి పోయేదాకా చేతులు జేబుల్లోంచి తియ్యలేదు. చిన్నప్పట్నుంచీ సబీనె అతని చేతులు తిప్పి తిప్పి చూసి, "అవే చేతులు" అని మురిసిపోయేది. నీటిమీద అవి ఆ చేతులు కావని తేలితే, ఆవిడ మొగుణ్ణి రెండోసారి పోగొట్టుకుంటుందని అతని భయం.

ఫిబ్రవరిలో కయాక్ క్లబ్బు పెద్ద ఎనోక్ దగ్గరికి వెళ్ళాడు.

"బాబాయ్, కొలతల కాగితం ఏమైనా ఉందా?"

"కాగితమా? ఒళ్ళు లేదూ నీకు? కయాకంటే పడవ కాదురా, ప్యాంటు. ఎవడిది వాడికే కుట్టాలి. పొడవు నీ బారకు మూడింతలు. వెడల్పు నీ తుంటికి రెండు పిడికిళ్ళు కలుపు." ఎనోక్ అతన్ని ఓసారి చుట్టూ తిరిగి చూశాడు. "నీ తుంటికైతే కలప ఓడలో రావాలి."

పైన తోలుకు బదులు వేసే గుడ్డ ఎలా కుట్టాలో అడుగుదామని అక్కణ్ణుంచి సబీనె ఇంటికి వెళ్ళాడు. ఆవిడ పెట్టెలోంచి ముడులు వేసిన పాత తోలుతాడు తీసి అతని ఒళ్ళో పడేసింది. పద్దెనిమిదేళ్ళపాటు మొగుడి కయాక్‌కు తోళ్ళు కుట్టేటప్పుడు ఆవిడ కొలతకు వాడిన తాడది; ఒక్కో ముడి ఒక్కో కొలత.

"నీ కొలతలన్నీ ఇందులోనే ఉన్నాయి."

"ఇవి... ఆయనవి కదా?"

"నీవే అంటున్నానుగా."

జాకేయుస్ తాడు జేబులో పెట్టుకున్నాడు.

ఇక అతని ఇల్లు ఇల్లులా లేదు. ముందుగదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు పొడవాటి దూలాలు. వాటిని దాటి వంటగదిలోకి వెళ్ళాలంటే బిబియానె గౌను ఎత్తిపట్టుకోవాలి. కయాక్ పక్కటెముకలకని చీల్చిన సన్నటి చెక్కలు స్నానాల తొట్టెలో నానుతున్నాయి. వాటిని ఆవిరి పట్టి, మోకాలికి ఆనించి వంచాలి. మొదటిది టప్పున విరిగింది. రెండోదీ అంతే. పదకొండోది విరిగినప్పుడు బిబియానె తలుపు దగ్గర నిలబడి, "వారమైందయ్యా నేను స్నానం చేసి. నీ కర్రలు నాకన్నా శుభ్రంగా ఉన్నాయి" అంది.

పన్నెండోది వంగింది. జాకేయుస్ దాన్ని పురిటిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని నాలుగిళ్ళు తిప్పి చూపించి వచ్చాడు.

ఏప్రిల్ చివరికి, సబీనె తాడు కొలతలతో, ఒక్క మేకు లేకుండా తాళ్ళతోనే బిగించిన అస్థిపంజరం తయారైంది. సన్నగా, తీరుగా, చూడముచ్చటగా ఉంది. జాకేయుస్ అందులో కాళ్ళు చాపి జారాడు. తొడల దాకా పోయాడు. తుంటి దగ్గర ఆగిపోయాడు.

"పెద్దావిడకు చెప్పెయ్" అంది బిబియానె.

"వద్దు. తగ్గుతాను."

ఆరు వారాలు కేకు ముట్టలేదు, వెన్న ముట్టలేదు, ఎండుచేప ఒక్కటే నమిలాడు. మొహం పీక్కుపోయింది, మెడ సన్నబడింది. తుంటి మాత్రం ఉన్నచోటనే స్థిరంగా ఉంది. ఈలోగా ఇద్దరు పెళ్ళాలూ చెరోవైపు కూర్చుని అస్థిపంజరానికి గుడ్డ కుట్టేశారు. కుట్టినంతసేపూ మొగుళ్ళ గురక గురించే ముచ్చట్లు. సబీనె కుట్టులో సూదిమొన కూడా దూరదు.

జూన్‌లో ఎనభయ్యో పుట్టినరోజు వచ్చింది. సబీనె ఇల్లు ఒడ్డు వంపుకు ఒక చివర, కయాక్ నీటిలో దించింది రెండో చివర. తెల్లటి పండగచొక్కా వేసుకుని జాకేయుస్ కయాక్‌లో దూరాడు. ఎనోక్ అతని భుజాలమీద చేతులేసి కిందికి అదిమాడు. ఎక్కడో ఏదో కిర్రుమంది. ఇక లాభం లేదని లేవబోతే, కయాక్ కూడా వదలకుండా అతనితో పాటే పైకి లేచింది. గౌను తొడుక్కున్నవాడిలా నిలబడ్డాడు. సబీనె ఇంటి కిటికీలో దుర్భిణి పెట్టుకుని చూస్తున్న చుట్టాలందరూ కాఫీ ఒలకబోసుకున్నారు.

సబీనె కర్ర పట్టుకుని ఒడ్డు వెంట నడిచి వచ్చేసరికి అతన్ని లాగి బయటపడేశారు.

"నేను ఆయన్ని కాను" అన్నాడు. "ఫిబ్రవరిలోనే చెప్పాల్సింది. ఇవి ఆ చేతులు కావు."

సబీనె కయాక్ వైపు చూసింది. వంగి, కొస నుంచి కొసదాకా చేత్తో తడిమింది. గుడ్డ మీంచే ప్రతి ముడీ నొక్కి చూసింది.

"కావు" అంది. "ఆయన ముడులు వదులుగా వేసేవాడు. ఎన్నిసార్లు తిట్టానో."

జాకేయుస్ తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

"పద్దెనిమిదేళ్ళు కుట్టాను. ఒక్కరోజు, సబీనా, నువ్వూ ఓసారి కూర్చో అన్నాడా? అనలేదు." కర్ర ఎనోక్ చేతికిచ్చింది. "పట్టుకో."

"ఒదినా, ఈ వయసులోనా? నీళ్ళు చల్లగా ఉన్నాయి!"

"నీళ్ళలో కూర్చోవడం లేదులే ఎనోక్, పైన కూర్చుంటున్నా."

బిబియానె ఒక పక్క, జాకేయుస్ ఒక పక్క పట్టుకుంటే, సబీనె పండగ పూసలతో, రంగురంగుల బూట్లతో కాళ్ళు చాపి లోపలికి జారింది. ఎక్కడా ఆగలేదు. తుంటికి అటూ ఇటూ సరిగ్గా ఒక్కో పిడికిలి సందు. కయాక్ అటూ ఇటూ ఒరగకుండా తూనికలో పెట్టినట్టు నిలిచింది.

జాకేయుస్ తెల్లచొక్కాతోనే మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి, కయాక్ తోక పట్టుకుని ఒడ్డు వెంబడే తోశాడు. ముందు సబీనె తెడ్డు అటొకటి ఇటొకటి వేస్తోంది. కొంతదూరం పోయాక వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నీ బార ఎంతుంటుంది?"

"కొలవలేదు."

"రేపు పొద్దున్నే రా. కొలత తీస్తాను. కడుపు నిండా తినే రా, ఉన్నది ఉన్నట్టు కొలవాలి."

జాకేయుస్ నవ్వాడు. ఆ నవ్వుకు కయాక్ ఊగింది.

"ఊపకు, మొద్దూ!"

ఇంటి కిందికి వచ్చారు. మెట్లమీద ఊరంతా నిలబడి చప్పట్లు కొడుతోంది. ఏడు రకాల కేకులూ లోపల ఎదురుచూస్తున్నాయి. నీళ్ళ చలికి జాకేయుస్ పాదాలు ఉన్నాయో లేవో అతనికే తెలియడం లేదు.

"దిగు, ముసలి పెళ్ళామా. వచ్చేశాం."

సబీనె తెడ్డు అడ్డంగా పట్టుకుని, పైనున్నవాళ్ళను చూసి గట్టిగా కేకేసింది.

"కాఫీ ఇక్కడికే తెండి! ఈయనకు కేకు కూడా!" అని కయాక్ ముక్కును మళ్ళీ సముద్రం వైపు తిప్పింది. "నువ్వు తొయ్యి. ఇంకో చుట్టు."