తుప్పురంగు నాలుగు లీటర్లు

ఆమెను ఇంట్లో అత్తిపత్తి అనేవారు. ఆ పేరు పెట్టింది అత్తగారు. గిన్నె కిందపడితే ఉలిక్కిపడుతుంది, ఎవరైనా గొంతు పెంచితే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, పక్కింటివాళ్లు పోట్లాడుకున్నా ఈవిడకి అన్నం సయించదు. "ముట్టుకోకుండానే ముడుచుకుపోయే రకం మా కోడలు" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. కోడలు మంచినీళ్లు తెచ్చిచ్చే సమయం చూసి మరీ చెప్పేది.

అదే అత్తిపత్తికి రంగుల దుకాణంలో మహా గౌరవం. గోడరంగులు కలపడం ఆమె పని. ఎవరైనా పాత గోడ పెచ్చు తెచ్చి అదే రంగు కావాలంటే, మిషన్ చూపించే లెక్కను ఆమె నమ్మేది కాదు. తెల్లరంగు డబ్బాలో నలుపు ఒక చుక్క, పసుపు రెండు చుక్కలు వేసి, అట్టముక్క మీద వేలితో రాసి, ఆరనిచ్చి చూసేది. తడి రంగు అబద్ధమాడుతుందని ఆమె నమ్మకం. ఆరాక పెచ్చు పక్కన పెడితే ఏది పాతదో ఏది కొత్తదో యజమానికే తెలిసేది కాదు. ఏ సున్నితాన్ని ఇంట్లో ఎగతాళి చేసేవారో ఆ సున్నితమే జీతం తెచ్చేది. ఆ జీతాన్ని మాత్రం ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

రెండేళ్ల కిందట గుండెదడని వెళితే డాక్టరమ్మ రంగులు వెయ్యమంది. "బొమ్మలు రానక్కర్లేదమ్మా. మనసుకి ఏ రంగు తోస్తే అది కాగితం నిండా పుయ్యి." అప్పటినుంచి దుకాణం నుంచి రాగానే సామాన్ల గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని అరగంట కూర్చునేది. ఆ రోజు గుచ్చుకున్న మాటకి పుస్తకంలో ఒక పేజీ, ఒక రంగు. అత్తగారి దెప్పిపొడుపు పాచి ఆకుపచ్చ. మొగుడి అరుపు తుప్పురంగు. పేజీ ఆరేసరికి దడ తగ్గేది, నాలుగు ముద్దలు గొంతు దిగేవి. పుస్తకంలో ముప్పాతిక వంతు తుప్పే. ఏ రంగు ఎవరిదో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ గది, ఆ అరగంట లేకపోతే తనకు పిచ్చెక్కుతుందని మాత్రం ఆమెకు బాగా తెలుసు.

ఒకరోజు యజమాని ఆర్డరు చీటీ ఇచ్చాడు. దానికి తపాలా బిళ్లంత రంగు కాగితం అంటించి ఉంది.

"నాలుగు లీటర్లమ్మా. అచ్చం ఇలాగే ఉండాలి."

చూడగానే ఆమె చీటీని బల్ల మీద బోర్లా పెట్టింది. తుప్పు. అది లోకంలో తనకొక్కదానికే తెలిసిన రంగనుకుంది ఇన్నాళ్లూ. అయినా పని పనే. మూడుసార్లు ఆరబెట్టి చూసి, తేడా లేదని తేల్చుకున్నాకే డబ్బా మూత బిగించింది.

"ఈ రంగు వేసిన గదిలో ఉండేవాళ్లు ఎలా బతుకుతారో పాపం" అంది, డబ్బాలు సర్దే ఆవిడతో.

"మనకెందుకులే అక్కా, మనమేమైనా ఉండబోతామా" అని ఆవిడ నవ్వింది. ఈమె కూడా నవ్వింది.

ఆ వారమే, ఆమె అడక్కుండానే మొగుడు పుట్టింటికి పంపాడు. రెండ్రోజుల తర్వాత తిరిగొస్తే చెయ్యిపట్టుకుని సామాన్ల గది దాకా తీసుకెళ్లాడు.

"కళ్లు మూసుకో. ఆ, ఇప్పుడు తెరువు!"

నాలుగు గోడలూ, పైకప్పూ తుప్పు. తను కలిపిందే. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

"నీకిష్టమైన రంగు మధ్య కాసేపు కూర్చోనివ్వమని డాక్టరమ్మ చెప్పింది. నీ పుస్తకం తిరగేస్తే ఎక్కడ చూసినా ఇదే! పాత పేజీలోంచి ముక్క కత్తిరించి మీ యజమానికిచ్చి, నీతోనే కలిపించా. ఎలా ఉంది నా తెలివి?"

"పుస్తకం ఏదండీ?"

"ఇంకా అదెందుకు, గోడలున్నాయిగా. పాత పేపర్లవాడికి ఇచ్చేశా."

ఆమె గడప దాటలేకపోయింది. రెండేళ్లుగా కాగితాల మీదికి దించుకున్న అరుపులన్నీ గోడలెక్కి కూర్చున్నాయి. దడ మొదలైంది. అది దించుకోవడానికి ఉన్న చోటు ఇదొక్కటే.

"మాట్లాడవేంటే?" అతని గొంతు లేచింది.

"ఎంత చేసినా ఏడుపు మొహమే" అంది వెనకనుంచి అత్తగారు.

"నిన్నే! రెండ్రోజులు ఒళ్లు హూనం చేసుకుని..."

"చాలా బాగుందండీ" అంది ఆమె గబగబా. "నాకు ప్రాణం ఈ రంగంటే."

అతని మొహం వికసించింది. "చెప్పానా అమ్మా! అయితే పడగ్గదికీ ఇదే వేయిద్దాం. రేపు ఇంకో ఎనిమిది లీటర్లు కలుపుకురా. తేడా రాకూడదు."

"రాదండీ" అందామె.