కోతపండగలో టీవీ పాట

మా ఆళ్లగడ్డ చర్చిలో ఎవరేం కొత్తది కొన్నా ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టించే వాడుక. ఎనభైల్లో సంఘపెద్ద టీవీ తెచ్చినప్పుడూ అంతే. పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాడు. అందరికీ ఉగ్గాని, బజ్జీలు పెట్టినారు. ఆపైన ఆదివారం పొద్దున చర్చిలో సగం చాపలు ఖాళీ, జనమంతా ఆ టీవీ ముందరే! నాకు ఒళ్లు మండిపోయింది. టీచరు ట్రైనింగు అయిపోయి ఇంట్లోనే ఉన్నా. ఇంగేం, ఒక పాట రాసిపారేసినా.

పెట్టెకు ప్రార్థన చేసినామయా
పెట్టె ముందరే కూలబడినామయా
చర్చిగంట కొడితే లేవలేదయా
పెట్టె గుర్రుమంటే లేచినామయా

మా నాయన కూలిపని చేసేవాడు. చర్చిలో డోలక్ ఆయనదే. చదువు రాదు, వేలిముద్ర. నేను రెండుసార్లు చదివి వినిపిస్తే చాలు, పాట నోటికొచ్చేది. చర్చి కోతపండగలో జనం కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు వేలం వేస్తారు. ఆ మధ్యలో నవ్వులపాట పాడేది ఆయనే.

పండగ ముందురోజు తెలిసింది, నంద్యాల మిషన్ బడిలో ఉద్యోగానికి సంఘపెద్ద సంతకం పెట్టిన ఉత్తరం కావాలంట. ఆఖరి చరణం ఆయన మీదే రాసింటి.

"నాయనా, ఆ చరణం మాత్రం వద్దు."

"సరేలేమ్మా."

పండగనాడు మొదటి చరణానికే జనం పొట్టలు పట్టుకుని నవ్వినారు. "ఇంగోటి, ఇంగోటి" అని ఒకటే అరుపులు. ఆడోళ్ల మధ్యలోంచి నేను తల అడ్డంగా ఊపుతానే ఉండా. నాయన నా దిక్కు చూస్తే గదా! ఊపులో ఉండాడు.

కానుక పట్టే పెద్ద యాడున్నాడయా
మిద్దెక్కి యాంటెన్నా తిప్పుతాండాడయా

ముందువరసలో సంఘపెద్ద లేచి నిలబడినాడు.

"ఎవరు రాసిందప్పా ఇది?"

"నేనే" అన్నాడు నాయన.

"నీకు రాయను వస్తాదా?"

"రాయల్యా. నోటితో కట్టినా."

పెద్ద నా వైపు చూసినాడు. నేను తల వంచుకున్నా. లేచి "నాది" అనాల్సింది.

"ఇంగ మన చర్చిలో నువ్వు డోలక్ ముట్టొద్దు" అన్నాడు పెద్ద. నాయన డోలక్ కింద పెట్టి ఎనకకు పోయి కూర్చున్నాడు.

రెండు దినాలకు ఉత్తరం కోసం పెద్ద ఇంటికి పోయినా. కాగితం ముందర పెట్టుకుని, పెన్ను పట్టుకుని అడిగినాడు.

"ఆ పాట మీ నాయనదేనా? నిజం చెప్పు."

"అవునయ్యా."

సంతకం పెట్టి ఇచ్చినాడు.

ఇంటికొచ్చేసరికి నాయన అరుగు మీద ఉండాడు.

"ఇచ్చినాడా?"

"ఇచ్చినాడు."

"ఏమన్నా అడిగినాడా?"

"పాట ఎవరిదని. నీదే అని చెప్పినా."

"మంచిపని చేసినావ్" అన్నాడు నాయన, నిజంగానే సంతోషపడి. ఆ మాట బదులు రెండు తన్నింటే బాగుండు.