ముందు తన చెయ్యి, తర్వాత మన చెంప

మా బావ గడ్డాలు గీసే మనిషి. "అంతేనా?" అని ఎవరైనా అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ముప్ఫై ఏళ్లు ఒకే వీధిలో, ఒకే కుర్చీ వెనక నిలబడి, కుర్చీలో కూర్చున్నవాడికి కునుకు పట్టేంత మెత్తగా పని చేసినవాణ్ణి "అంతేనా" అనేవాళ్లు, ముందు తమ గడ్డం తాము గాటు పడకుండా గీసుకుని చూపించాలి. వీధిలో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. "మెత్తచెయ్యి" అంటారు. ఆయన పక్క షాపు నాది. ఒక జిరాక్స్ మెషిను, ఒక కంప్యూటర్, లామినేషన్ పని, నాలుగు రకాల అప్లికేషన్ ఫారాలు. రెండు షాపులకీ మధ్య ఉన్నది అట్టముక్కలాంటి గోడ. అటు కత్తెర ఆడితే నాకు వినబడుతుంది. ఇటు నేను తుమ్మితే, "ఏరా బామ్మర్దీ, మెషిను పేలిందా?" అని ఆయన కేక వినబడుతుంది.

ఆయన మా అక్కని చేసుకునేనాటికి నాకు పదిహేడేళ్లు. మీసం ఇంకా వద్దామా మానుదామా అని ఆలోచిస్తోంది. నాకు మొదటి గడ్డం గీసింది ఆయనే. అప్పటినుంచి ప్రతి శనివారం పొద్దున్నే, షాపు తలుపు తీసీ తీయగానే, మొదట కుర్చీ ఎక్కేది నేను. నా తర్వాతే మిగతా లోకం.

ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. కత్తి పదును ముందు తన ఎడమ ముంజేతి మీద చూసుకునేవాడు. రెండు వెంట్రుకలు తెగి ఎగిరితే సరే, లేకపోతే మళ్లీ తోలుపట్టీ మీద నూరేవాడు. ఆ రోజుల్లో అందరికీ ఒకటే మడతకత్తి. తర్వాత కాలం మారి, మనిషికో కొత్త బ్లేడు వచ్చింది. కూర్చున్నవాడి కళ్ల ముందే కాగితం విప్పి, "చూడండి సార్, కొత్తది" అని చూపించేవాడు. చూపించాక, చేతి అలవాటు మానుకోలేక, ఆ కొత్త బ్లేడుని కూడా ఒకసారి తన ముంజేతి మీద ఆడించి, అప్పుడు వాళ్ల చెంప మీద పెట్టేవాడు. "ముందు నా చెయ్యి, తర్వాత మీ చెంప. మొండి బ్లేడు మీ మీదికి రానివ్వను" అనేవాడు. మేమంతా మురిసిపోయేవాళ్లం. నేనైతే ఆ మాటని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, లామినేషన్ చేసి, అద్దం పైన అంటించాను. నా తెలివికి అదొక నమూనా.

తిండి దగ్గర మాత్రం ఆయనంత నిర్లక్ష్యం మనిషిని నేను చూడలేదు. అద్దం కింద సొరుగులో వేరుశనగ పప్పుల డబ్బా ఒకటి ఉండేది. చెయ్యి ఖాళీ అయితే గుప్పెడు నోట్లోకి వెళ్లేవి. డబ్బా అడుగున నల్లబడినవి, బూజు వాసన వేసేవి కూడా పారేసేవాడు కాదు. "నమిలితే అన్నీ ఒకటేరా" అనేవాడు. ఆదివారం సాయంత్రాలు మేమిద్దరం మేడ మీద సీసా తీసేవాళ్లం. రెండు గ్లాసులే అని మొదలుపెట్టి, సీసా అడుగు కనబడేదాకా లేచేవాళ్లం కాదు. కింద వంటింట్లో అక్క గిన్నెలు ఎత్తెత్తి పడేసేది. ఆ చప్పుడుని బట్టి మాకు టైము తెలిసేది.

పోయినేడు మా వీధి చివర రక్తదాన శిబిరం పెట్టారు. బావ అందరికంటే ముందు వెళ్లి పడుకున్నాడు. పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. మీ రక్తం వాడటం కుదరదు, ఒకసారి డాక్టర్ని కలవండి అన్నారు. తోడు నేను వెళ్లాను.

డాక్టరమ్మ నిదానస్తురాలు. మళ్లీ పరీక్షలు చేయించి, స్కానింగ్ తీయించి, అన్నీ ముందు పెట్టుకుని మాట్లాడింది.

"మీ లివర్లో హెపటైటిస్ బి అనే వైరస్ ఉందండీ. ఎన్నేళ్ల నుంచి ఉందో చెప్పలేను. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. లోపల మాత్రం మెల్లగా మచ్చలు పడుతూ ఉంటాయి. అందరికీ కాదు గానీ, కొందరికి అది ముదిరి క్యాన్సర్ దాకా వెళ్తుంది."

"నేను సిగరెట్ కూడా ముట్టనమ్మా. నాకు క్యాన్సర్ ఏంటి?" అన్నాడు బావ.

"వచ్చిందనలేదు. రాకుండా చూసుకుందాం అంటున్నాను. క్యాన్సర్‌కి సిగరెట్ ఒక్కటే దారి కాదండీ. కొన్ని ఇన్ఫెక్షన్ల వల్ల కూడా వస్తాయి. మందు తాగుతారా?"

బావ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"ఇక చుక్క కూడా వద్దు. వైరస్ ఉన్న లివర్‌కి మందు తోడైతే అగ్నికి ఆజ్యం పోసినట్టే" అందామె. పప్పుల డబ్బా సంగతి కూడా అడిగి మరీ రాబట్టింది. బూజు పట్టిన పప్పులో ఒక విషం పుడుతుందనీ, వేయించినా అది పూర్తిగా పోదనీ, అదీ వచ్చి లివర్నే పట్టుకుంటుందనీ చెప్పింది. పొట్ట తగ్గించమంది. రోజూ ఒక మాత్ర, ఆరు నెలలకోసారి స్కానింగ్. "ఇప్పటికి గడ్డలాంటిదేమీ లేదు. భయపడక్కర్లేదు. అలాగని మర్చిపోవద్దు."

బావ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. లేవబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "ఇది ఎలా అంటుకుంటుందమ్మా?"

"రక్తం నుంచి రక్తానికి. కాన్పప్పుడు తల్లి నుంచి బిడ్డకి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే, ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడితే. భార్యాభర్తల మధ్య కూడా. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు. కానీ కంటికి కనబడనంత గాటు చాలు."

బావ తన ఎడమ చేతి వైపు చూసుకున్నాడు. మోచేతి కింద నున్నగా, అక్కడక్కడ సన్నటి ఎర్రగీతలతో ఉంటుంది అది. క్యాన్సర్ మాట విన్నప్పుడు కూడా మారని ఆయన ముఖం అప్పుడు పాలిపోయింది.

బయటికొచ్చాక మెట్ల మీదే కూర్చుండిపోయాడు. "ఎన్ని చెంపల మీద పెట్టానురా?" అన్నాడు.

నేను చెప్పింది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. "నోరు మూసుకుని మాత్రలు వేసుకో బావా. రేపట్నుంచి చేతి మీద చూసుకోవడం మానెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

"షాపుకి తాళం పడుతుంది."

"పడనీ. వాళ్లలో ఎవరికైనా నా వల్ల వచ్చి, తెలియక నాలాగే సీసాలు దించుతూ కూర్చుంటే? తెలిస్తే ఆపుతారు కదరా. డాక్టర్ దగ్గరికి వెళ్తారు కదా."

మర్నాడు ఆ లామినేషన్ బోర్డు తనే పీకేశాడు. పప్పుల డబ్బా చెత్తబుట్టలో బోర్లించాడు. షాపు మూసి, కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. చాలామంది పేర్లు ఆయనకీ తెలియవు. ఆయనకి తెలిసినవి ముఖాలు. "గడ్డం కింద సొట్ట ఉన్నాయన", "రెండు సుడుల డ్రైవరు", "ఎడమ చెంప పులిపిరి మాస్టారు" అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వెళ్లాడు. ప్రతి గుమ్మం ముందూ అదే మాట. "నా రక్తంలో జబ్బుంది. బ్లేడు ముందు నా చేతి మీద పెట్టేవాణ్ణి. దయచేసి పరీక్ష చేయించుకోండి. లేదని తేలితే టీకా వేయించుకోండి."

ఫొటో స్టూడియో ఆయన నడివీధిలో నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. బావ తల దించుకుని అన్నీ విన్నాడు. నేను అడ్డం వెళ్లబోతే చెయ్యి పట్టి ఆపాడు. పులిపిరి మాస్టారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని, "ల్యాబు ఎన్నింటికి తెరుస్తారు?" అని ఒక్కటే అడిగి తలుపు వేసుకున్నాడు. మర్నాడు రిటైరైన తన స్నేహితుల్ని ఏడుగుర్ని వరసలో నిలబెట్టి, తనే ముందు నడుస్తూ ల్యాబుకి తీసుకెళ్లాడు. వయసులో పెద్దవాళ్లయినా ఆ వరస తప్పడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదట.

షాపు మళ్లీ తెరిచాక కుర్చీ చాలావరకు ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్లు తమ బ్లేడు, దాన్ని బిగించే పిడి డబ్బాలో పెట్టుకుని ఇంటి నుంచి తెచ్చుకునేవారు. బావ చేతికి తొడుగులు వేసుకునేవాడు. గోడకి ఇవతల నాకు కత్తెర చప్పుడు వినబడని రోజులు ఎక్కువయ్యాయి. కానీ బావ ఎదురుచూసింది గిరాకీ కోసం కాదు, కాగితాల కోసం. రిపోర్టు వచ్చినవాళ్లు వచ్చి చూపించి వెళ్లేవాళ్లు. అక్కకి ఏమీ లేదు, టీకా వేశారు. డ్రైవరుకి లేదు. మాస్టారికీ, ఆయన బెటాలియన్‌కీ లేదు. చివరికి తిట్టిన ఫొటోలాయనకి కూడా లేదు. ఆయన గుమ్మంలో నిలబడి ఆ ముక్క చెప్పి, చొక్కా గుండీ సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

మిగిలింది నేను. ఈ రోజు కాదు రేపు అంటూ ముఖం చాటేశాను. గుండ్రాయిలా ఉన్నాను, నాకేంటి అన్నాను. నిజం చెప్పాలంటే భయం. బావ నన్ను కుర్చీ ఎక్కనివ్వలేదు. "ముందు కాగితం తీసుకురా" అన్నాడు. నేను పంతం కొద్దీ గడ్డం పెంచాను. మా ఆవిడ నవ్వింది. ఏడేళ్ల మా పాప గుచ్చుకుంటోందని ముద్దు పెట్టడం మానేసింది. నెల తిరిగేసరికి అక్క నా షాపుకి వచ్చి, జిరాక్స్ మెషిను పక్కన నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆయన సరిగ్గా అన్నం తినట్లేదురా. అందరివీ వచ్చాయి, నీదొక్కటే రాలేదు." ఆ సాయంత్రమే వెళ్లి రక్తం ఇచ్చాను.

నాకు ఉంది.

అదే డాక్టరమ్మ. అదే నిదానం. "పెద్దయ్యాక అంటుకుంటే చాలామందికి ఒళ్లే దాన్ని తరిమేస్తుందండీ. ఇలా ఉండిపోయిందంటే చిన్నప్పుడే వచ్చి ఉండొచ్చు. గట్టిగా చెప్పలేను."

"అంటే బావ నుంచి రాలేదా?"

"ఆయన నుంచి మీకు రావచ్చు. మీ నుంచి ఆయనకి వెళ్లి ఉండొచ్చు. ఇద్దరికీ వేరువేరుగా వచ్చి ఉండొచ్చు. రక్తం ఆ సంగతి చెప్పదు."

ఇంకా ఏదో చెబుతూనే ఉంది, నా చెవికెక్కలేదు. బస్సులో కూర్చున్నంతసేపూ నా బుర్రలో ఒకటే తిరిగింది. మడతకత్తి రోజుల్లో శనివారం మొదటి చెంప నాది. తర్వాత ఆ కత్తి బావ ముంజేతి మీదికి. ఆ తర్వాత వీధి మొత్తం మీదికి. గుమ్మం గుమ్మానికీ తిరిగి ఆయన చెప్పుకున్న క్షమాపణలు నేను చెప్పాల్సినవేమో. నోరు మూసుకోమని ఆయనకి సలహా ఇచ్చింది కూడా నేనే.

షాపుకి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. రిపోర్టు స్కాన్ చేశాను. ఒక్క మాట మార్చాలి, అంతే. ఇరవై ఏళ్లుగా కాగితాలతో బతుకుతున్నవాడికి అదొక పనా? ఐదు నిమిషాల్లో నాకు ఏమీ లేదని చెప్పే కాగితం వెచ్చవెచ్చగా బయటికొచ్చింది. బావ కడుపునిండా అన్నం తింటాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సగం అబద్ధం. ఆ రెండో సంగతి, నా నుంచే వెళ్లిందేమో అన్న సంగతి, ఎవరికీ తెలియకూడదన్నదే మిగతా సగం. అసలుది కుడి జేబులో, మార్చింది ఎడమ జేబులో పెట్టుకుని పక్క షాపుకి వెళ్లాను.

బావ ఖాళీ కుర్చీని గుడ్డతో తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి సన్నగా వణుకుతోంది. ముప్ఫై ఏళ్లలో ఆ చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఎడమ జేబులోకి వెళ్లబోయిన నా చెయ్యి ఆగిపోయింది. కుడి జేబులోది తీసి ఇచ్చాను.

చదువుకున్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. డాక్టరమ్మ చెప్పిందంతా పొల్లుపోకుండా చెప్పాను. "నా నుంచే నీకు వచ్చిందేమో బావా" అన్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బావుండుననిపించింది.

బావ కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. ఆయన ఆలోచన అప్పటికే నన్ను దాటి వెళ్లిపోయింది.

"ఎవరి నుంచి ఎవరికైతే ఏంట్రా ఇప్పుడు. మీ ఆవిడకి చేయించావా? పాపకి?"

చేయించలేదు. బస్సులో గానీ, కంప్యూటర్ ముందు గానీ, వాళ్లిద్దరూ నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఎడమ జేబులోది ఇచ్చి ఉంటే బావ సంతోషపడేవాడు, నా గడ్డం గీసి ఇంటికి పంపేవాడు, ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడిగి ఉండేవారు కాదు.

నేను అక్కడే నిలబడి ఏడ్చాను. బావ లేచి లైటు ఆర్పి, షట్టరు దించి, "పద, ల్యాబు మూసేస్తారు" అని నాకంటే ముందు మా ఇంటి వైపు నడిచాడు.